జడ రిబ్బన్ల ముడులు

కంప్యూటర్ రిపేరు షాపు. మధ్యాహ్నం. బల్లకి ఇటు మెకానిక్ అమ్మాయి, అటు ఒక పెద్దాయన. ఆయన భార్య బయట మెట్ల మీద కూర్చుని ఉంది.

"మళ్ళీ చెప్పమ్మా. మెల్లగా చెప్పు. పోయిందంటే... ఎంత పోయింది?"

"మొత్తం పోయింది, బాబాయ్."

"మొత్తమంటే? గ్రాఫిక్స్ కార్డేగా? పోతే పోనీ. కొత్తది పెట్టు."

"కార్డు బానే ఉంది. ఫైళ్ళుండే డ్రైవు కాలిపోయింది. డేటా తీసేవాళ్ళ దగ్గరికి రెండు చోట్లకి పంపాను. ఇద్దరూ చేతులెత్తేశారు."

"అదేంటి! మొదట్నించీ జబ్బు కార్డుదే కదా? ఈ మధ్య మా అమ్మాయి చేసిన బొమ్మల సినిమా ఆడించగానే టప్పుమని ఆగిపోయేది. ఫోన్లో నువ్వే అన్నావుగా, బొమ్మ కదిలేటప్పుడు కార్డు ఎక్కువ కరెంటు లాగుతోంది, పవర్ సప్లైకి అంత శక్తి లేదు, పెద్దది వేయండి అని?"

"అన్నాను. అది నిజమే."

"పెద్దదే వేశాను మరి. నా చేత్తో నేనే బిగించాను. ముప్పై ఏళ్ళు మోటార్లు చుట్టినవాణ్ణి, ఆ మాత్రం చేతకాదా?"

"సప్లై మార్చారు. తీగలు మార్చలేదు."

"తీగలు... బానే ఉన్నాయిగా."

"కొత్త సప్లైతో దాని తీగలు వేరే సంచీలో వచ్చాయి కదా. అవెందుకు వాడలేదు?"

"పాతవి సరిగ్గా పట్టాయి. టక్కున కూర్చున్నాయి."

"కూర్చుంటాయి బాబాయ్. అక్కడే వచ్చింది చిక్కు. పైకి మూతి ఒకటే, లోపల తీగల వరస ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. ఐదు వోల్టులు వెళ్ళాల్సిన చోటికి పన్నెండు వెళ్ళాయి. స్విచ్ వేసిన క్షణంలోనే అయిపోయింది."

"క్షణంలోనే?"

"ఆ."

"కొంచెం వాసనొచ్చింది. కొత్త సామాను కదా, అలాగే ఉంటుందిలే అనుకున్నా..."

"ఫోన్లో నేనైనా తీగల సంగతి చెప్పాల్సింది. పనితెలిసిన మనిషి కదా, చెప్పేదేముందిలే అనుకున్నాను."

"నీ తప్పేం లేదమ్మా."

"అంత అనుభవం ఉండి, ఇంట్లో కొత్త తీగలు పెట్టుకుని పాతవి తగిలించడమేంటి? బద్ధకమా?"

"బద్ధకమే. బద్ధకమే అనుకో."

"మరి ఈ రిబ్బన్లేంటి? ప్రతి తీగకీ ముడే. ఒక్కటీ వదులు కాలేదు."

"అవా... మా పిచ్చుక కట్టింది. మా అమ్మాయి. మందులకి జుట్టంతా ఊడిపోయాక, ఇంక నాకెందుకివి అని జడ రిబ్బన్లన్నీ ముక్కలు చేసి వీటికి కట్టింది. నా కంప్యూటర్‌కి జడలేశాను చూడు నాన్నా అని ఒకటే నవ్వు."

"ఇప్పుడెలా ఉంది?"

"పోయి ఎనిమిది నెలలు."

"అయ్యో... బద్ధకమన్నాను. నాకు తెలీదు బాబాయ్. అందుకే విప్పలేకపోయారా?"

"ఆ. నేనే. నాకే మనసొప్పలేదు."

"ఆ సినిమా వీడియోగా తీసి ఎవరికైనా పంపిందేమో? ఎక్కడైనా ఉందేమో?"

"లేదు. పూర్తయ్యేదాకా ఎవరికీ ఇవ్వనంది. ఉన్నది నాలుగు నిమిషాలే. అందులో ఒక ముసలి ఉడుత ఉంటుంది. గొంతు పిచ్చుకదే, తిట్లు మాత్రం అచ్చం వాళ్ళమ్మవి! రోజూ అన్నం తిన్నాక మా ఆవిడ ఆ ఉడుత చేత తిట్లు తిని... అప్పుడు కాసేపు కునుకు తీసేది."

"పిన్ని ఎండలో కూర్చున్నారు. లోపలికి పిలవనా?"

"వద్దు! వద్దమ్మా. నీకు దణ్ణం పెడతాను, ఒక్క సాయం చెయ్యి. డ్రైవు పాతబడి దానంతటదే పోయిందని చెప్పు. తీగల మాట ఎత్తకు."

"ఎలా చెప్పను? రేపు ఇంకెవరైనా చూస్తే?"

"ఎవరూ చూడరు. దానంతటదే పోయింది. అంతే. అంతే చెప్పు."

"పొరపాటైంది, ఒప్పుకోండి బాబాయ్. పిన్ని తిడతారు, ఏడుస్తారు. మీ బిడ్డే కదా, మీ బాధ ఆవిడకి తెలీదా? తిట్లకి భయపడి నా చేత అబద్ధమాడిస్తారా?"

"భయమే అనుకో. పిరికివాణ్ణనుకో. ఏమైనా అనుకో. చెప్పవూ?"

"సరే... సరే, కళ్ళు తుడుచుకోండి. పిన్ని వచ్చేస్తున్నారు."

"ఏమండీ, ఎంతసేపు? అమ్మాయ్, బాగైందా మా పిల్ల కంప్యూటరు?"

"పిన్నీ... డ్రైవు పోయింది. పాతదైపోయింది. అందులో ఉన్నవేవీ రావు. దానంతటదే..."

"దానంతటదే?"

"ఔనే. మనమేం చేసినా ఆగేది కాదట. పద, ఇంటికి పోదాం."

"ఇటు తిరగండి. నా మొహం చూసి చెప్పండి. తీగల వల్ల కాదూ?"

"తీగలా? ఏం తీగలు? కాదు. కాదే."

"కొత్తవి వెయ్యాలే, పాతవి ఉంచితే ప్రమాదమేమోనే అని మీరు మొత్తుకుంటుంటే, పిల్ల కట్టిన ముడులు విప్పితే నా మీద ఒట్టని మీ చెయ్యి పట్టుకుని ఆపింది నేను కదండీ."