ఎత్తాల్సిన ఇరుసు

లారీ షెడ్డులోకి రాగానే యజమాని వంగి వెనక చక్రాల కిందికి తొంగి చూశాడు. తోలుకొచ్చినవాడు సొంత బావమరిదే అయినా ఆయనకు ఎవరి మీదా ఒక పట్టాన నమ్మకం కుదరదు.

“వచ్చేటప్పుడు బండి ఖాళీయేనా?”

“ఖాళీయే బావా.”

“మరి ఈ లిఫ్ట్ యాక్సిల్ చక్రాలకి పచ్చి బురదేమిటి?”

“దారంతా వానే కదా. చిందుంటుంది.”

“నా చెవిలో పువ్వులు పెట్టకు. ఖాళీ బండికి ఈ ఇరుసు పైకెత్తేస్తాం, చక్రాలు నేలకే ఆనవు. మోయలేనంత బరువుంటేనే దించి, మిగతా ఇరుసులకి సాయం పెడతాం. చిందిన బురద టైరు గాడుల్లో ఇలా కూరుకుపోతుందా? నిండా లోడుతో తిరిగావు నువ్వు.”

బావమరిది తల దించుకున్నాడు.

“ఎవడి సరుకురా అది?”

“ఇటుకలు.”

“ఎవడివని అడుగుతున్నా.”

“అక్కవి. మా నాన్న ఇచ్చిన స్థలంలో గది కట్టుకుంటోంది.”

“ఇంత ఇల్లుండగా మీ అక్కకి వేరే గదెందుకు?”

“నీతో చెప్పొద్దంది.”

“చెప్పి చావరా!”

“రోజూ ఇంటికి రాగానే తన చెప్పులు కూడా ఇలాగే తిరగేసి చూస్తావట కదా బావా.”