ఆయన వాటా

భద్రాచలంలోని రక్తపరీక్షల గదికి ముసలమ్మ పరగడుపునే వచ్చింది. మొదటిసారి రక్తం తీసి, గ్లూకోజు నీళ్ల గ్లాసు ఆమె చేతికిచ్చి నర్సు అటు తిరిగింది. ఇటు తిరిగేసరికి బెంచీ పక్కన నేల తడిసి ఉంది.

"ఒలకబోసినవా అవ్వా?"

"ఒలకలే బిడ్డా. ముందుగాల మా ముసలాయనకు పోసి, మిగిలింది నేను తాగిన."

"ఆయనేడి?"

"నిరుడు వానకాలం పోయిండు. ఇప్పసారా గాని, చాయ్ గాని, ఆయనకు చుక్క పొయ్యంది నా గొంతు దిగదు."

"చుక్కనా? సగం గ్లాసు పోసినవ్!"

"ఆయనకు తీపంటే పానం."

నర్సుకు వచ్చిన నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

"గ్లాసు మొత్తం తాగితేనే అవ్వా, నీ ఒంట్ల ఇన్సులిన్ ఎంత ఊరుతుందో రక్తంల తెలిసేది. ఇప్పుడు పరీక్ష చెడిపోయింది. రేపు మళ్ల రావాలె."

"వస్త. ఇంటికాడ మాత్రం నాకేమున్నది?"

"ఒక్కదానివే రాకు. తోడు ఎవరినన్న తోలుకరా."

ముసలమ్మ తడినేల వైపు చూసింది.

"తోలుకనే వచ్చిన గద బిడ్డా. ఆయన తాగితే, నువ్వు ఒలకబోసినవంటున్నవ్."