అద్దానికి అంటించే కాగితం

హెచ్‌ఐవీ పరీక్షల గది. బల్లకి ఒక పక్క కౌన్సెలరమ్మ, ఇంకో పక్క సెలూన్ ముసలాయన.

“యాభై ఏళ్ళుగా కత్తి పట్టాను. ఈ చేతి కింద ఒక్క గడ్డం తెగలేదు, ఒక్క చుక్క రక్తం కారలేదు. రాసుకో.”

“అది రాసుకోవడానికి ఈ ఫారంలో గడి లేదు. అడిగినదానికి చెప్పండి. మీ భార్యతో కాక ఇంకెవరితోనైనా సంబంధం...”

“నా మనవరాలి వయసు లేదు, నన్నా ఆ మాట అడుగుతావు?”

“అందర్నీ అడుగుతాను. ఇందాక మీకన్నా పెద్దాయన్ని అడిగాను.”

“ఏమన్నాడు?”

“ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పం. మీ సంగతి చెప్పండి.”

“లేదు. ఉన్న ఆవిడతోనే వేగలేక చస్తున్నాను.”

“మరి పరీక్ష ఎందుకు?”

“పోయిన వారం ఒకడికి గడ్డం గీశాను. వాడికి ఆ జబ్బుంది. వాడి చెంపా తెగింది, నా బొటనవేలూ తెగింది.”

“ఒక్క గడ్డం కూడా తెగలేదన్నారుగా?”

“తెగకపోవడమేమిటే తల్లీ! ఒకసారి ఇన్‌స్పెక్టరు చెవి సగం లేపేస్తే, ఆ ముక్క జేబులో వేసుకుని, రెండో చెంప కూడా గీయించుకుని మరీ వెళ్ళాడు.”

“కథలకి టైము లేదు. బయట పదిమంది ఉన్నారు. బ్లేడు కొత్తదేనా?”

“కొత్తదే వెయ్యమన్నాడు.”

“వేశారా అని అడుగుతున్నాను.”

“నువ్వు నర్సువా, పోలీసువా?”

“మనిషికో కొత్త బ్లేడు వేస్తే ఎవరికి గీసినా భయం లేదు. ముట్టుకుంటే అంటుకోదు. తువ్వాలుతో అంటుకోదు. కుర్చీతో అంటుకోదు.”

“ఈ ముక్కే రాసి ముద్ర కొట్టివ్వు. నా రక్తం శుభ్రంగా ఉందని కూడా రాయి. సెలూన్లో అద్దానికి అంటిస్తాను.”

“దేనికి?”

“వాడికి గీశాననీ, నాకేం కాలేదనీ నలుగురూ చూడాలి.”

“అంటే ఆయన జబ్బు కూడా అద్దానికి అంటిస్తారన్నమాట.”

“అది బజారంతా తెలుసు.”

“ఎవరు చెప్పారు?”

“తెలిసింది.”

“ఎవరు చెప్పారని అడిగాను.”

“నా రక్తం తీస్తావా, ప్రాణం తీస్తావా?”

“మీకెవరు చెప్పారు?”

“వాడే. మా అక్క కొడుకు. ‘మావయ్యా, నీకొక్కడికే చెబుతున్నా’ అన్నాడు. చాలా? చెయ్యి చాపమంటావా, వద్దా?”

“చాపండి.”

అరగంట తర్వాత, అదే గది.

“కూర్చోండి.”

“నిలబడే వింటాను.”

“ఫలితం చెప్పేముందు ఒక్క మాట. ఉందని వస్తే ఎవరికి చెబుతారు?”

“ఎవరికీ చెప్పను. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు.”

“ఏమవుతుంది?”

“వీధిలోకి రావడం మానేస్తాడు. రెండు నెలల గడ్డంతో ఆ గదిలోనే కూర్చుంటాడు. నేను గుమ్మం ఎక్కితే మా అక్క తలుపేసుకుంటుంది.”

“పోయిన వారమే గీశానన్నారు. రెండు నెలల గడ్డం ఎలా వచ్చింది?”

“వాడిది తొందరగా పెరుగుతుంది.”

“సరే. మీకు జబ్బు లేదు.”

“చూశావా! కొట్టు ముద్ర.”

“ఆగండి. పోయిన వారమే తెగిందన్నారు కాబట్టి మూడు నెలలకి మళ్ళీ రావాలి. అప్పటిదాకా గట్టిగా చెప్పలేం.”

“మూడు నెలలా? అప్పటిదాకా వాడు అలాగే కూర్చోవాలా?”

“పరీక్ష మీ కోసమా, ఆయన కోసమా?”

“కాగితం కోసం. నా మాట బజార్లో ఎవడూ నమ్మడు, కాగితమైతే నమ్ముతారు. అప్పుడు వాణ్ణి మళ్ళీ నా కుర్చీలో కూర్చోబెట్టొచ్చు.”

“పెద్దాయనా, వచ్చిందగ్గర్నుంచీ మీ మీద నాకు ఒళ్ళు మండుతోంది. కానీ ఒకటి. అందరూ దూరం జరిగితే మీరొక్కరే ఆయనకి గడ్డం గీశారు. అందుకు మాత్రం...”

“ఆపు.”

“ఏం?”

“ఆపమన్నాను. మూడు నెలలు అక్కర్లేదు. బొటనవేలు తెగలేదు.”

“అయితే ఇన్‌స్పెక్టరు చెవి కూడా అబద్ధమేనా?”

“చెవి నిజం. గడ్డం గీయడమే కల్పించానమ్మా. రెండు నెలల కిందట వాడొస్తే గుడ్డ కప్పాను, నురగ రాశాను. ‘కొత్త బ్లేడు వెయ్యి మావయ్యా, నా తర్వాత కూర్చునేవాళ్ళకి మంచిది కాదు’ అని చెవిలో చెప్పాడు. బెంచీ మీద నలుగురూ వినేలా వాడి జబ్బు పేరెత్తి అరిచి, ఆ నురగతోనే వీధిలోకి గెంటేశాను.”