నిలువుగా నడిచిన పీతలు

గోదావరి దాటించే పంటి అవతలి ఒడ్డున ఇసుకలో కూరుకుపోయిందని కబురొచ్చింది. సముద్రం పోటు తగిలితేగానీ కదలదు. నరసాపురం రేవులో సూరమ్మ టీ కొట్టు ముందు బల్లల మీద ఓ పదిమందిమి కూలబడ్డాం. రొయ్యల చెరువుల త్రినాథరాజు గారు, పీతల బుట్టతో మరిడమ్మ, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని టీచరమ్మలా కనిపిస్తూ మాకెవరికీ తెలియని ఒకావిడ, నేనూ, ఇంకా కొందరు. అందరికన్నా చివర, రిక్షా నిండా పుస్తకాల కట్టలతో బుల్లబ్బాయి గారు దిగారు. ఆయనకి భీమవరంలో ప్రెస్సుంది. పిల్లల పుస్తకాలు అచ్చేసి బడి లైబ్రరీలకి ఇస్తుంటారు. ఆయన నోరు తెరిస్తే పంటి వచ్చేదాకా మూయరని రేవులో పాతవాళ్ళందరికీ తెలుసు. తెలిసి తెలిసీ సూరమ్మ టీ గ్లాసు చేతికిస్తూ, "ఆ కట్టలేంటండీ?" అని అడిగింది. ఇంకేముంది!

"పుస్తకాలమ్మా. 'దారి తప్పిన పీత' అని, పిల్లల పుస్తకం. ముప్పై రెండు పేజీలు, పేజీకో బొమ్మ. రచన నేనే, బొమ్మలు నేనే, అచ్చూ నేనే. ఏదో చిన్న పనిలెండి, గొప్పగా చెప్పుకునేదేం కాదు. భీమవరంలో బస్సెక్కానా, పాలకొల్లులో దిగేసరికి కథ అయిపోయింది. అదీ మధ్యలో వీరవాసరం దగ్గర టైరు పంచరైతే దిగి జాకీ పట్టుకోవాల్సొచ్చింది కాబట్టి గానీ, లేకపోతే ఇంకో కథ కూడా సగం అయిపోను."

"బొమ్మలు కూడా బస్సులోనేనా?" అన్నారు త్రినాథరాజు గారు.

"ఆయ్! బొమ్మలు ఎడం చేత్తో వేశానండి. పిల్లల పుస్తకంలో బొమ్మలు పిల్లలు వేసినట్టుండాలి కదా! కుడి చేత్తో వేస్తే మరీ అందంగా వచ్చేస్తున్నాయి, ఏం చేస్తాం."

టీచరమ్మ తలెత్తి ఆయన వైపు చూసింది. ఆయన ఇవేం పట్టించుకునే మనిషి కాదు.

"సరే, మొట్టమొదట ఒక బడికి యాభై పుస్తకాలిచ్చా. ఊరి పేరు చెప్పను, చెబితే జనం ఎగబడతారు. పొద్దున తొమ్మిదింటికి ఇచ్చానండి. సాయంత్రం లాంగ్ బెల్లు కొట్టారు. ఒక్క పిల్లాడు లేవలేదు! కొట్టారు, కొట్టారు, కొట్టి కొట్టి ఇత్తడి గంట నిలువునా పగిలింది. అయినా ఒక్కడూ తలెత్తలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తల్లులొచ్చారు. 'ఏంట్రా అది, ఇలా తే' అని పుస్తకాలు లాక్కున్నారు. లాక్కుని వాళ్ళూ కూర్చున్నారు. పెళ్ళాలేరీ అని మొగుళ్ళొచ్చారు. వాళ్ళూ కూర్చున్నారు. ఆ పూట ఆ ఊళ్ళో ఒక్క పొయ్యి వెలగలేదండీ! ఎవరో పెద్దమనిషి పోయాడనుకుని పక్కూరి వాళ్ళు పరామర్శకి వచ్చేశారు."

"అయ్యబాబోయ్! పరామర్శకే?" సూరమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"వచ్చినవాళ్ళు వెళ్తేగా! బడిలో పేర్లు రెండొందలు. ఊరి జనాభా రెండు వేలు. మర్నాడు బడిలో హాజరెంతో తెలుసా? రెండు వేల నలభై."

"ఆ నలభై మందీ ఎవరండీ మరి?"

"చుట్టాలండీ. చూసి పోదామని వచ్చిన చుట్టాలు. తొంభై ఏళ్ళ ముసలాయన ఒకాయన, రెండు కళ్ళకీ శుక్లాలు, మంచంతో సహా మోసుకొచ్చి ఒకటో తరగతిలో దింపారు. మనవరాలు చదువుతుంటే విన్నాడు. పీత దారి తప్పిన చోటికి వచ్చేసరికి ఆత్రం ఆగలేదు. 'ఇలా తే నేనే చూస్తా' అని లేచి కూర్చున్నాడు. శుక్లాలు రెండూ ఒళ్ళో రాలాయి! కంటి డాక్టరుగారికి ఇప్పటికీ నా మీద కోపమే, బజార్లో ఎదురైతే మొహం తిప్పుకుంటారు."

"ఊరుకోండి బాబూ!" అన్నారు ఎవరో వెనక నుంచి. నవ్వులు. ఆయనకి నవ్వులంటే పొయ్యిలో కట్టె ఎగదోసినట్టే.

"నవ్వితే నవ్వండి. లైబ్రరీ సంగతి వింటే ఏమంటారో! ఇంకో ఊళ్ళో లైబ్రరీకి ఒక్కటే పుస్తకం ఇచ్చా. అడిగేవాళ్ళు వెయ్యిమంది. కిటికీ ఊచలు వంగిపోయాయి. లైబ్రేరియన్ ఏం చేస్తాడు పాపం, కుట్టు విప్పేసి ఇంటికో పేజీ పంచాడు. ఈ ఇంట్లో మూడో పేజీ, ఆ ఇంట్లో నాలుగో పేజీ. కథంతా తెలియాలంటే గుమ్మం గుమ్మం తిరగాల్సిందే. ఆ ఊళ్ళో ఇద్దరన్నదమ్ములున్నారు. గట్టు తగాదా, ఇరవై ఏళ్ళుగా మాటల్లేవు. పెద్దాడింట్లో పదకొండో పేజీ పడింది, చిన్నాడింట్లో పన్నెండోది. ఏం చేస్తారు చెప్పండి? రెండ్రోజులు బిగదీసుకున్నారు. మూడోరోజు పెద్దాడే గట్టు దాటి 'ఒరే తమ్ముడూ, పీతకేమైందిరా' అని అడిగాడు. కావలించుకుని ఏడ్చారండీ! కోర్టు కేసు ఎత్తేసుకున్నారు. అలాంటి కేసులు వరసగా అన్నీ పోయేసరికి ప్లీడరుగారు ఇల్లు ఖాళీ చేసి ఎక్కడికో వెళ్ళిపోయారు."

మరిడమ్మ ఇంతసేపూ చుట్ట కాల్చుకుంటూ వింది. "పీత గురించి మనుషులకి చెప్పావు, బాగుంది. మరి పీతలకి చెప్పావా బాబూ?" అంది.

"అడిగావు కాబట్టి చెబుతున్నా మరిడమ్మా, లేకపోతే ఇది బయటపెట్టే మాట కాదు. పోయిన అమావాస్య, ఇదే రేవు, ఇదే పంటి. నడి గోదాట్లో ఒక కట్ట జారి నీళ్ళలో పడింది. పోతే పోయిందిలే అనుకున్నా. మర్నాడు తిరిగొస్తున్నానా, గట్టు మీద పీతలండీ! ఒకటా రెండా! అంతర్వేది తీర్థంలో జనంలాగా ఇసుక కనపడకుండా పీతలు! నన్ను చూసి వరసలు కట్టాయి. దారిచ్చాయి. ఎలా నడుస్తున్నాయో తెలుసా?"

"ఎలాగండీ?"

"నిలువుగా! నా పుస్తకంలో పీత అడ్డంగా నడవబట్టే దారి తప్పుతుంది. అది చదివి అన్నిటికీ బుద్ధొచ్చింది. ముక్కుసూటిగా, మిలిటరీ వాళ్ళలాగా, ఎడం డెక్క, కుడి డెక్క!"

మరిడమ్మ బుట్ట మీద తడిగోనె ఎత్తింది. "నావి అడ్డంగానే పోతన్నాయి బాబూ."

"అవి బడికి పోనివమ్మా."

ఈసారి సూరమ్మ నవ్వలేక కొట్టు గుంజ పట్టుకుంది. త్రినాథరాజు గారి టీ లుంగీ మీద ఒలికింది. బుల్లబ్బాయి గారు మాత్రం నవ్వలేదు. నది వైపు చెయ్యి చాపి గొంతు తగ్గించారు.

"ఈవేళ పోటు ఎందుకు ఆలస్యమైందనుకుంటున్నారు? మీరంతా పంటి వాణ్ణి తిట్టుకుంటున్నారు. తప్పు వాడిది కాదండీ. ఆ కట్ట కొట్టుకుని కొట్టుకుని సముద్రంలో కలిసింది. సముద్రం చదువుతోంది! ఒళ్ళు మర్చిపోయి చదువుతోంది. నా లెక్క ప్రకారం పదహారో పేజీ దాకా వచ్చుంటుంది."

"పదిహేడో పేజీలో ఏముందండీ?"

అడిగింది టీచరమ్మ. అప్పటిదాకా ఆవిడ గొంతు మేం వినలేదు.

"పదిహేడా? అబ్బో, పట్టంతా అక్కడే ఉందమ్మా! పదహారో పేజీలో పీత తనది కాని కలుగు ముందు నిలబడిందా... పదిహేడులో లోపల్నుంచి బుస్సుమంటూ పాము! పీత ఊరుకుంటుందా? కత్తెరలాంటి డెక్కతో తోక పట్టుకుని గిరగిరా..."

ఈలోపు త్రినాథరాజు గారు రిక్షా మీద తాడు వదులైన కట్టలోంచి ఒక పుస్తకం లాగారు.

"రాజుగారూ, వద్దండి, టీ చేతులు, మరకలవుతాయి..."

రాజుగారు అప్పటికే పేజీలు తిప్పేశారు. ఒకచోట ఆగి కళ్ళజోడు సర్దుకుని పైకి చదివారు. "'తొలి వారం మేత. లక్ష పిల్లకు రోజుకు రెండు కిలోల చొప్పున నాలుగు పూటలుగా చల్లవలెను. మేత పళ్ళెమును పైకెత్తి పరిశీలించుచుండవలెను.'" ఆయన ఇంకో పేజీ తిప్పారు. "'చెరువులో నీరు మార్చు విధము.'" ఇంకోటి తిప్పారు. "ఏంటండీ ఇది? ఇది మేత కంపెనీ వాళ్ళు మాకు పంచిన కాగితాలండీ! చివరి పేజీ దాకా రొయ్యలే!"

అందరం నోళ్ళు తెరుచుకుని చూశాం. బుల్లబ్బాయి గారు ఒక్క క్షణం తడబడ్డారు. ఒక్క క్షణమే.

"మరేనండి! మలుపంటే అదే కదా! పీతకి రొయ్యల చెరువులో ఉద్యోగమొచ్చింది. ఉద్యోగమన్నాక డ్యూటీ తెలియొద్దూ?"

రేవు దద్దరిల్లేలా నవ్వాం. నాకైతే కళ్ళనీళ్ళొచ్చాయి. టీచరమ్మ నవ్వలేదు. సంచీ బల్ల మీద పెట్టి లేచి నిలబడింది.

"నా పేరు ప్రసన్నకుమారి అండి. అవతలి ఒడ్డున పల్లిపాలెం బడిలో పనిచేస్తాను. పిల్లలు రాసిన కథలు పంపితే పుస్తకం వేస్తామని బడులకి కార్డులు రాసింది మీరేనా? ఆ కార్డు మీద పోస్టు బాక్సు నంబరు తప్ప ఇంకేం లేదు. మా బడికొచ్చిన పుస్తకం మీదా అంతే. ఆ బాక్సు ఎవరిదో తెలుసుకుందామని ఈవేళ కూడా భీమవరమంతా తిరిగి వస్తున్నాను."

బుల్లబ్బాయి గారి చేతిలో గ్లాసు పెదాల దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఆ పీత కథ నా పిల్లలదండీ. ముప్పై రెండు మంది. హాజరుపట్టీ వరసలో మనిషికో పేజీ రాశారు. ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకున్నారు. ఎవరి పేజీకి వాళ్ళే బొమ్మ వేశారు. మీ ఎడం చెయ్యి కాదండీ అది. నోటుబుక్కు అలాగే పోస్టులో పంపాను. పేర్లు వెయ్యకపోతే పోనీ, అచ్చులో చూసుకుంటారులే అనుకున్నాను." ఆవిడ రాజుగారి చేతిలో పుస్తకం చూపించింది. "మా హాజరుపట్టీలో ముందు మగపిల్లలండీ, ఒకటి నుంచి పదహారు. పదిహేడు నుంచి ఆడపిల్లలు."

సూరమ్మ టీ వడకట్టడం ఆపేసింది. "అంటే... ఆడపిల్లలు రాసింది ఒక్కటీ లేదా?"

"ఒక్కటీ లేదు. వాళ్ళ పేజీల్లో రొయ్యల మేతుంది. మగపిల్లలు ఇప్పుడు వాళ్ళని పేరు పెట్టి పిలవడం మానేశారు. మేత, ఇలా రావే. మేత, అటు పోవే. పదిహేడో నంబరు పిల్ల ఆశాజ్యోతి. పుస్తకంలో నేను రాసిందొస్తుంది అని పేటంతా చెప్పుకుంది. వాళ్ళమ్మ చూడ్డానికి చుట్టాల్ని పిలిచింది. అందరి ముందూ తెరిచారు. 'ఆడపిల్ల రాసిన దానికి ఇంతే విలువ, ఇంక చదివింది చాలు' అని వాళ్ళమ్మ ఆ పిల్లని రొయ్యలు ఒలిచే షెడ్డుకి పంపేసింది. ఇంకో ఇద్దరు కూడా అటే పోయారు. రెండుసార్లు వాళ్ళ ఇళ్ళకి వెళ్ళాను, నా మొహం చూడ్డం లేదు. హాజరు పెరిగిందన్నారు కదండీ ఇందాక. నా తరగతిలో ముగ్గురు తగ్గారు."

ఇందాక పడీపడీ నవ్వినందుకు నాకు సిగ్గేసింది. త్రినాథరాజు గారు చేతిలో పుస్తకాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశారు. ఆ మేత ఆయన చెరువుల్లో చల్లేదే, ఆ షెడ్డుకి పోయేది ఆయనలాంటి వాళ్ళ రొయ్యలే.

బుల్లబ్బాయి గారు నోరు తెరిచారు. ఏదో ఒక కోత వస్తుందని చూశాం. రాలేదు. మాకు అలవాటు లేని చిన్న గొంతుతో అన్నారు.

"మిషను మీద ఒక ఫారం అంటే పదహారు పేజీలమ్మా. మొదటి ఫారం అచ్చయ్యేసరికి పుస్తకాలివ్వడానికి ఒక్కరోజే గడువుంది. ముప్పై రెండు పేజీలుంటేగానీ బళ్ళకి తీసుకోరు. ప్రెస్సులో రొయ్యల కాగితాలు మిగిలి ఉన్నాయి, అదే సైజు. వాటినే రెండో ఫారంగా కలిపి కుట్టించేశాను."

"ఎవరూ చూడరనుకున్నారా?"

"పన్నెండేళ్ళుగా బళ్ళకి పుస్తకాలిస్తున్నానమ్మా. దింపించుకుంటారు, స్టాకు రిజిస్టర్లో రాసుకుంటారు, బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పిల్లలకిస్తే పోతాయి, పోతే జీతంలో కోస్తారని వాళ్ళ భయం. ఒక్క బళ్ళో కూడా నా పుస్తకం ఎవరైనా విప్పగా నేను చూళ్ళేదు." ఆయన రిక్షాలో కట్టల వైపు చూశారు. "మీరు తాళం వెయ్యలేదని నాకేం తెలుసమ్మా! పిల్లలు చదువుతారనుకోలేదు."

ఊరూ వాడా, పీతలూ, సముద్రమూ చదివాయని చెప్పిన మనిషి ఆ మాట అనేసరికి అందరం ఆయన మొహంలోకే చూశాం. మరిడమ్మ చుట్ట ఆరిపోయింది, మళ్ళీ ముట్టించుకోలేదు.

పోటు తగిలినట్టుంది, పంటి శబ్దం దగ్గరగా వినపడింది. జనం సామాన్లు ఎత్తుకున్నారు. రిక్షా అతను కట్టలు దించబోతే బుల్లబ్బాయి గారు వద్దని చెయ్యి ఊపారు. టీచరమ్మ సంచీ భుజాన వేసుకుని నాలుగడుగులు వేసింది. ఆయన వెనకాలే వెళ్ళారు.

"అమ్మా, ఆ పిల్ల... పదిహేడో పేజీలో ఏం రాసింది?"

ఆవిడ ఆగి వెనక్కి తిరిగింది. ఆ మొహం నేను మర్చిపోలేను. "నోటుబుక్కు మీ దగ్గరే ఉంది కదండీ. అది కూడా చదవలేదా?"

ఆయన తల దించుకున్నారు. "ప్రెస్సులో ఉందమ్మా. ఉంది. పారెయ్యలేదు."

"సోమవారం పట్టుకురండి. షెడ్డు దగ్గరికి నేను తీసుకెళ్తాను. వాళ్ళమ్మ ముందు ఆ పిల్ల చదువుతుంది. మీరు కూర్చుని వినండి," అని ఆవిడ పంటి ఎక్కేసింది.