తిన్నానని చెప్పాకే ఆగింది

సభాధ్యక్షులు, మా మేనేజరు హరిబాబు గారికి, శాలువా పట్టుకుని శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దలకి, ఇన్నేళ్లూ నా విసుగు భరించిన మిత్రులకి, వెనక వరసలో జంతికల పళ్లేనికి కాపలా కాస్తున్న మన ఆయా దాలమ్మకి ఈ భావనారాయణ నమస్కారాలు. (నవ్వులు)

ఈ ఆమదాలవలస ధాన్యం గోదాముల ఆఫీసులో ఇరవై రెండేళ్లు నేను కనిపెట్టుకుని ఉన్నది ఒక్క సర్వరుని. ఏ పని ఏ వేళకి మొదలవ్వాలో చూసేది అదే. ఆరింటికి లారీల జాబితా తీయడం, పదింటికి తేమ వివరాలు పంపడం, నేను లేచినా లేవకపోయినా చేసుకుపోయేది. ఈ మధ్యాహ్నం దాన్ని నా చేత్తోనే ఆపమన్నారు. కొత్తది వచ్చింది, నాకూ అరవై రెండు నిండాయి, న్యాయమే.

ఒంటిగంటన్నరకి నల్లటి తెర మీద ఆగమని ఒక్క లైను కొట్టాను. మా సర్వరు మర్యాదస్తురాలు లెండి, నడుస్తున్న పని పూర్తికానిదే ఆగదు. పావుగంటైనా ఆగలేదు. కొత్తది పెట్టడానికొచ్చిన తన్మయి, "ఒక జాబ్ ఇంకా నడుస్తోంది సార్, చంపేద్దామా?" అంది. నడిచే పనిని బలవంతంగా ఆపడాన్ని మా వృత్తిలో అలాగే అంటాం, ఆ అమ్మాయి తప్పేం లేదు. వద్దమ్మా అన్నాను.

ఆ పని పెట్టింది నా పక్క కుర్చీ గణపతిరావు. బొబ్బిలి వాడు, చుట్టరికం లేకపోయినా బావా అనేవాడు. నాకేమో షుగరు, పనిలో పడితే తిండి గుర్తుండదు. చెప్పి చెప్పి విసిగిపోయి, రోజూ ఒంటిగంటకి "బావా, బువ్వ తిన్నావేటి?" అని నా తెర మీద అడిగేలా ఒకటి రాసి పెట్టేశాడు. జవాబు కొట్టేదాకా అది కదలదు, ఆ పని పూర్తికాదు. ఆఫీసు సర్వరులో ఇలాంటివి పెట్టకూడదు, మేనేజరు గారు క్షమించాలి. (నవ్వులు)

గణపతిరావు పోయి మూడేళ్లు. దాన్ని తీసేయడం నాకు నిమిషం పని, తీయలేదు. ఇంట్లో నేనొక్కణ్నే. రోజు మొత్తం మీద ఆ మాట అడిగేది అదొక్కటే. ఇది ఎవరికీ చెప్పుకోలేదు, సిగ్గేసింది.

ఇవాళ సర్దుకునే హడావిడిలో జవాబివ్వలేదు. క్యారేజీ కూడా విప్పలేదు. తన్మయి చూస్తుండగా "తిన్నాను" అని కొట్టాను. గణపతిరావుతో నేనాడిన మొదటి అబద్ధం అది. సర్వరు వెంటనే ఆగిపోయింది.

(వెనక నుంచి దాలమ్మ: "అయితే బాబూ, పొద్దున్నించి ఏటీ తిన్నేదా?")



శాలువాకి, దండకి, మంచి మాటలకి మీ అందరికీ కృతజ్ఞుణ్ని. లేదు దాలమ్మా, తినలేదు.

సెలవు.