సూర్యున్ని ఉతికిన మిషన్

"మీల ఒక్కలన్న చెప్పుండ్రి, బటన్ నొక్కిన సప్పుడు ఇనుకుంటనే అది ఏ కాలపు బట్టలుతికే మిషనో చెప్పగలుగుతరా?"

సెంటినరీ కాలనీలో కొడుకు కిషన్ క్వార్టర్ వరండాలో కూర్చుని బిక్షం అడిగాడు. బొగ్గు గనిలో టబ్బులు లాగే హాలేజీ ఇంజిన్ నడిపి రిటైరైన మనిషి. ఆయన వెనక గోడ పొడుగునా పాత కాలపు నొక్కుడు బటన్ల మిషన్లు, తుడిచి తుడిచి మెరిపించినవి, వరుసగా నిలబడి ఉన్నాయి. మెట్ల మీద పాత దోస్తు దావీదు, ఫస్టు షిఫ్టు దిగి వచ్చిన టోనీ, పక్క క్వార్టర్‌లో ఉండే డిగ్రీ పిల్ల సహస్ర. ఇంటి వెనకనుంచి ఎవరో బండ మీద బట్టలు బాదుతున్న చప్పుడు.

"సారక్క చిన్నమ్మ భుజం ఎట్లున్నది కాకా? బట్టలు పిండొద్దన్నరంట గద దవాఖానల?" బిక్షం భార్య గురించి అడిగింది సహస్ర.

"తగ్గుతది తియ్యి బిడ్డా, ముందు గిది ఇను. గీ పచ్చ మిషన్ ఉన్నది సూడు, కొత్తగూడెంల ఒక పాత బంగ్లా ఎనుక పడున్నది, దీంట్ల కోళ్ళు గుడ్లు పెడుతున్నయి. తెచ్చిన. ఎలుకలు కొరికిన వైర్లు మార్చిన, బెల్టు ఏసిన, ఐదు బటన్లకు ఐదు స్ప్రింగులు నా చేత్తోని చుట్టిన. నొక్కితే టక్ అన్నది. ఇప్పటి మిషన్లకు ఏమున్నది, అద్దం మీద వేలు రాసుడు, పనైనంక పాట పాడుడు. ఇది గట్ల కాదు, నువ్వు నొక్కితే తిరిగి నీ వేలును నొక్కుతది, ఇన్న పో అన్నట్టు."

"గింతవరకు నమ్ముతం బావా" అన్నాడు దావీదు.

"ఆ తర్వాత ఏమైందో తెల్సా? మా కిషన్‌గాని డ్యూటీ అంగి దాంట్లేసి మొదటి బటన్ నొక్కిన. ఎంత తెల్లగొచ్చిందంటే, తెల్లారి వాడు గని కాడికి పోతే హాజరు ఏస్తలేరు, ఎవలయ్యా నువ్వు, చుట్టపు చూపుగ వచ్చినవా అని అడుగుతున్నరు. పాపం వాడు పక్కకు పోయి ఇంత బొగ్గుపొడి మూతికి రాసుకొని వచ్చినంక గప్పుడు గుర్తువట్టిండ్రు."

టోనీ నవ్వు ఆపుకున్నాడు. "రెండో బటన్ నొక్కితే ఏమైతది కాకా?"

"అడిగినవా? అడుగుతవని తెల్సు. రెండోది నొక్కితే అంగికున్న గళ్ళు ఊడొచ్చినయిరా. ఉత్త గళ్ళు! నీళ్ళ మీద తేలుతున్నయి. జాలిగంటెతోని తీసి దండెం మీద అంగి ఒక దిక్కు, గళ్ళు ఒక దిక్కు ఆరేసిన. ఎండినంక మళ్ళ ఇస్త్రీ చేసి అతికించిన, కావాల్నంటే వాణ్ణి అడుగు, ఒక గడి కొంచెం వంకర ఉంటది."

ఇంటి వెనక బాదుడు ఆగి, మళ్ళీ మొదలైంది. ఈసారి నెమ్మదిగా.

"మూడో బటన్ నొక్కిన్నో లేదో, మిషన్ గిరగిర తిరుక్కుంట గేటు దాటింది. నేను ఎనుక ఉరుకుతున్న, అది ముంగట ఉరుకుతున్నది, బస్సు ఆగి తొవ్వ ఇచ్చింది. సీదా గనిల దిగింది. అడుగున చేరిన ఊట నీళ్ళన్ని ఒక్క గుక్కల తాగింది. తాగి ఊకున్నదా? బొగ్గును ఉతుకవట్టె! టబ్బులు పైకొస్తున్నయి, అన్నీ మల్లెపూల లెక్క తెల్లటి బొగ్గు. దీన్ని ఎవలు కొంటరు బిక్షం అని మేనేజర్ నెత్తి పట్టుకున్నడు. నేను ఫికర్ చెయ్యకుండ ఒక్కటే గంట కొట్టిన. హాలేజీల ఒక్క గంట అంటే ఏంది? ఆగుడు. టక్కున ఆగింది. నా చేతి కింది మిషన్ గది."

"ఇంకా రెండు బటన్లు మిగిలినయి బావా, జర చూసుకో" అన్నాడు దావీదు.

"వాటి కాడికే వస్తున్న. మన దిక్కు ఎండ గింత తెల్లగ ఎందుకు కొడతదో ఎన్నడన్న ఆలోచించిండ్రా? బొగ్గు దుమ్ముకు సూర్యుడు మసకేసిండు. చూసి చూసి పానం ఒప్పక, ఓ పొద్దు గుట్టెక్కి, కింది కొస దొరకవట్టుకొని గుంజి, డ్రమ్ముల ఏసి, నాలుగోది ఐదోది రెండూ కలిపి నొక్కిన. అగో, అప్పటిసంది గిట్ల కాలుతున్నడు. ఉతుకకముందు మన రామగుండంల ఎండకాలం దుప్పటి కప్పుకొని పండేటోళ్ళం!"

టోనీ చప్పట్లు కొట్టాడు. సహస్ర కొట్టలేదు. లేచి మెట్లు దిగి వరండా ముందున్న మురుగు మోరి దగ్గర నిలబడింది.

"కాకా, ఒక్క మాట అడుగుత. మన కాలనీల డ్యూటీ బట్టలు ఉతికిన ఇంటి మోరి ఎట్లుంటది?"

"ఎట్లుంటది, నల్లగ పారుతది."

"మరి నీ మిషన్ల ముంగట మోరి ఎండి చీమలు పుట్ట పెట్టుకున్నయి. ఇంటెనుక బండ కాడి మోరి కాటుక లెక్క పారుతున్నది. సూర్యున్ని ఉతికిన నీళ్ళు ఏ దిక్కు పోయినయి కాకా?"

బిక్షం పచ్చ మిషన్ మీద భుజం తువాలుతో లేని దుమ్ము తుడిచాడు.

"నీళ్ళు తగిలితే తుప్పు పడతది బిడ్డా" అన్నాడు. "ఇసొంటియి మళ్ళ దొరకయి."

"చిన్నమ్మ భుజం దొరుకుతదా?"

అందరూ ఇంటి పక్క సందులోంచి వెనక్కి చూశారు. సారక్క కిషన్ డ్యూటీ పాంటు ఒక కాలును నల్లాకు ముడేసి, రెండో కాలును ఎడమచేత్తో మెలితిప్పుతోంది. కుడిచెయ్యి మెడకు కట్టుకున్న కొంగులో వేలాడుతోంది. నల్లటి నీళ్ళు ఆమె పాదాల మీదుగా పోతున్నాయి.

బిక్షం తువాలు తీసి భుజం మీద వేసుకున్నాడు.

"నిజం చెప్పు కాకా," టోనీ గొంతు తగ్గించి అడిగాడు, "గా పచ్చది నడుస్తదా?"

"నడుస్తది. గది మాత్రం కోత కాదురా."

సహస్ర చున్నీ నడుముకు చుట్టుకుంది.

"ఇంకేం మరి? టోనన్నా, నువ్వు పచ్చ మిషన్‌ది గా కొస పట్టు, బండ కాడికి తీస్కపోదాం. దావీదు కాకా, పైపు నల్లాకు తగిలియ్యి. బిక్షం కాకా, చిన్నమ్మ చేతుల పాంటు నువ్వే తీసుకొని లోపలెయ్యి, మొదటి బటన్ నువ్వే నొక్కు. లేవుండ్రి జల్ది, నల్లా బందైతది!"