కౌజుపిట్టను ఎవరికిచ్చింది

భర్త వేట నుంచి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతున్నాడు. అతనికంటే ముందే ఇల్లు చేరిన వేటకుక్క, నోట్లోని కౌజుపిట్టను భార్య కాళ్ల దగ్గర పెట్టింది.

"చూశావా? కొట్టింది నేను, ఇదేమో తెచ్చి నీకిచ్చింది."

"నేనేమైనా అడిగానా?"

"ఎన్ని ఈలలు వేసినా ఆగలేదు. వేటకుక్క పిట్టను యజమానికే ఇవ్వాలి."

"అయితే యజమాని ఎవరో దానికి బాగానే తెలుసు."

"నవ్వకు. రేపే దీన్ని మా బావకిచ్చేస్తాను."

"కుక్క మీద అలకేంటండీ, చోద్యం కాకపోతే! రారా బంగారం, చెవినిండా ముళ్లే. ఉండు, తీస్తాను."

"నా అరిచేతిలోనూ ముల్లు దిగింది."

"ముళ్లు తీసే పట్టకారు అలమరలో ఇంకొకటుంది, తీసుకోండి."

"దానికైతే నువ్వు తీస్తావు."

"సరే, వచ్చి కూర్చోండి. దానిదయ్యాక మీది."

"ముందు నాది తియ్యి. అప్పుడు బావకివ్వను."